డ్రిల్లు సీను తీసేస్తే ఏం పోయింది?

శ్రీకాకుళం

ఒరేయ్ రమణా,

విజయనగరంలో అందరూ కులాసానా? పిన్నికి నా నమస్కారాలు చెప్పు. 'ది మార్షియన్' సినిమా, అదే, అంగారకుడి మీద ఒంటరిగా చిక్కుకుపోయిన వ్యోమగామి వాట్నీ కథ, చూశాక ఇంక పుస్తకం దేనికిరా అన్నావు కదా. అది ఫోన్లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

బంగాళాదుంపలు పండించడం, రాకెట్ ఇంధనం హైడ్రజీన్‌తో నీళ్లు చేసుకోవడం, ఇవన్నీ సినిమాలో ఉన్నాయి. కుదించారుగానీ చెడగొట్టలేదు. దర్శకుడు రిడ్లీ స్కాట్ కత్తెర పడింది రెండో సగం మీద. అక్కడ ఒక్క ముక్క తీసేసరికి దాన్ని ఆనుకుని ఉన్నదంతా పోయింది.

1997 జులై 4న అంగారకుడి మీద దిగి, సెప్టెంబరు చివర్లో మూగబోయిన నాసా యంత్రం పాత్‌ఫైండర్‌ని భూమితో మాట్లాడడానికి వాట్నీ తవ్వి తెచ్చుకుంటాడు కదా. సినిమాలో అది కాలిపోదు. ఆండీ వీర్ పుస్తకంలో కాలిపోతుంది. దూరప్రయాణానికి పెద్ద సామాను పట్టాలని రోవర్ (అక్కడ తిరిగే బండి) కప్పు కోయాలి. రాళ్ల నమూనాలు తీసే డ్రిల్లుతో వరసగా బెజ్జాలు వేసుకుంటూ పోతాడు. మధ్యలో ఆగి డ్రిల్లుని బల్లకి ఆనిస్తాడు. ఆ బల్లకి పాత్‌ఫైండర్ తగులుకుని ఉంది. డ్రిల్లులోని కరెంటు బల్లలోంచి దాంట్లోకి పాకింది. మిల్లీ ఆంపియర్లతో నడిచే సర్క్యూట్లలోకి ఆంపియర్లు దూరితే ఏం మిగుల్తుంది? అక్కడితో భూమితో మాట సరి. రాళ్లు పేర్చి మోర్స్ కోడ్‌లో కబురు పెట్టగలడు, ఉపగ్రహాలు ఫొటో తీసుకుంటాయి. జవాబు మాత్రం రాదు.

ఇప్పుడు అసలు సంగతి. వాట్నీ ఉన్న అకిడాలియా మైదానం నుంచి, పైకి ఎగిరే రాకెట్ ఉన్న షాపరెల్లీ బిలం దాకా 3,200 కిలోమీటర్లు. దారిలో దుమ్ము తుఫాను. నాసాకి పైనుంచి కనిపిస్తూనే ఉంది, చెప్పే దారి లేదు. వాట్నీకేమో తుఫానులోకి వెళ్తున్నట్టే తెలీదు. మన తిత్లీలాగ కొబ్బరిచెట్లు కూల్చే గాలి కాదది. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో నూటికి రెండు వంతులు కూడా ఉండదు. (మొదటి సీనులో తుఫాను రాకెట్‌ని వంచేయడం నిజానికి కుదరదని ఆండీ వీర్ తనే ఒప్పుకున్నాడు.) దుమ్ము చేసేదల్లా ఎండని తగ్గించడం. అదీ కొంచెం కొంచెంగా, కంటికి ఆనకుండా. సోలార్ పలకల్లో రావలసిన కరెంటు కాస్త తగ్గిందని గమనించి పోల్చుకుంటాడు. కరెంటు తగ్గితే బండి నడవకపోవడం ఒక్కటే కాదు, ఆక్సిజన్ చేసే యంత్రం కూడా ఆగుతుంది.

ఎటు తప్పుకోవాలి? ఉన్నచోట ఆగి కొలిస్తే ఎండ తగ్గిందని తెలుస్తుంది, ఎటువైపు ఎక్కువ తగ్గిందో తెలీదు. అందుకని చిన్న సోలార్ ముక్కలకి కరెంటు నమోదు చేసే పరికరాలు తగిలించి మూడు తయారుచేస్తాడు. ఒకటి అక్కడే పెట్టి, దక్షిణంగా 40 కిలోమీటర్లు పోయి రెండోది, ఇంకో 40 పోయి మూడోది. తర్వాత మూడింటి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే దక్షిణానికి పోయేకొద్దీ ఎండ మెరుగు. అంటే తుఫాను నడుమ ఉత్తరాన ఉంది. బండి దక్షిణానికి తిప్పుతాడు. కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఎవరూ ఏమీ చెప్పకుండా, తలెత్తి చూస్తే కనిపించని దాని ఆకారాన్ని మూడు అంకెలతో పట్టుకున్నాడు మనిషి.

చూశావా, పాత్‌ఫైండర్ బతికుంటే ఈ ఘట్టానికి చోటే లేదు. 'దక్షిణానికి తిరుగు' అని నాసా ఒక్క ముక్క పంపితే సరిపోయేది. అందుకే డ్రిల్లు పోతే తుఫానూ పోయింది. ఆ తర్వాత షాపరెల్లీలోకి దిగే వాలులో రోవర్ బోల్తాపడడం కూడా లేదు. సినిమాలో ఆ ప్రయాణం కాసేపట్లో అయిపోతుంది.

చివర, తనని తీసుకుపోవడానికి వచ్చిన నౌకవాళ్లని అందుకోడానికి వాట్నీ స్పేస్ సూట్ చేతి తొడుగుకి చిల్లు పెట్టుకుని గాలి తోసుడుతో ఎగరడం నీకు బాగా నచ్చిందన్నావు. పుస్తకంలో వాట్నీ ఆ మాట అంటాడు, నౌక కమాండర్ ఒప్పుకోదు. నాకు ఆవిడే సరి అనిపిస్తుంది. తోసే దారి ఒంటి బరువుకి సరిగ్గా నడిమధ్య గుండా పోకపోతే మనిషి ముందుకి పోడు, గిరగిరా తిరుగుతాడు. చేతిని ఎలా పట్టుకుంటే సరిపోతుందో సరిచూసుకునే వ్యవధీ ఉండదు.

పుస్తకం పార్సిల్‌లో పంపుతున్నాను. తీరిక లేకపోతే డ్రిల్లు దగ్గర్నుంచే మొదలెట్టు. చదివాక ఆ మూడు పరికరాల సంగతి నీకెలా అనిపించిందో రాయి.

నీ
సూరి