సీఎన్‌సీ మిషన్‌తో పాటు కొలతల కాగితం కూడా ఇవ్వాల

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అనంతపురం చుట్టుపక్కల డిప్లొమా, ఇంజనీరింగ్ చదివిన పిల్లోళ్లు ఇంట్లోనే చిన్న సీఎన్‌సీ రౌటర్లు, అంటే కంప్యూటర్ చెప్పినట్టు కట్టర్‌ని జరిపి కోసే మిషన్లు, పెట్టుకుంటా ఉన్నారు, కొందరు బెంగుళూరు ఎస్పీ రోడ్డు నుంచి సామాన్లు తెచ్చి సొంతంగా బిగించుకుంటారు, నేను మాత్రం బిగించిందే కొన్నా. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా, దయచేసి వేయండి.

నాకు కావాల్సింది శెనక్కాయ విత్తే మిషన్‌లో తిరిగే బిళ్ల. గింజ సైజు మారితే బిళ్ల అంచున గుంతల సైజు కూడా మారాల, లేకుంటే ఒకచోట రెండు గింజలు పడతాయి, ఇంకోచోట ఏమీ పడదు. అందుకే 6 ఎంఎం అల్యూమినియం ప్లేటులో నేనే కోసుకుందామనుకున్నా. మిషన్ అమ్మినాయన స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే భాగం) దగ్గర పెన్ను కట్టి పేపర్ మీద పువ్వు గీయించి చూపించినాడు, అల్యూమినియం కూడా ఇట్లనే కోస్తుంది అన్నాడు. పెన్ను గీసేదానికి బలం ఏం కావాల? లోహంలోకి కట్టర్ దిగినప్పుడే కదా ఎక్కడెక్కడ లూజు ఉందో బయటపడేది.

ఇంటికొచ్చినాక ఎక్స్ వైపు, అంటే అడ్డంగా, 10 ఎంఎం జరపమంటే వెర్నియర్ కొలతలో 9.7 వచ్చింది. మిషన్‌ని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో డాలర్ 100 అనే సెట్టింగ్‌లో ఒక ఎంఎం జరగడానికి మోటారు వేసే స్టెప్పులు 400 ఉంటే లెక్కేసి 412.4 చేసినా, కొలత సరిపోయింది అనుకున్నా. తర్వాత 100 ఎంఎం ముక్క కోస్తే 103 వచ్చింది, ప్లేటు దండగ.

మా ఊరి లేత్ షాపు పెద్దాయన వచ్చి నంబర్ మళ్లీ 400 చేయించి, డయల్ గేజ్ (చిన్న కదలికని కూడా ముల్లుతో చూపించే పరికరం) మాగ్నెట్ స్టాండ్‌తో పెట్టి, ముందు కుడివైపు జరిపించి ముల్లు సున్నా చేసి, ఎడమకి ఒక్కో ఎంఎం జరపమన్నాడు. మొదటిసారి ముల్లు 0.7 దగ్గర ఆగిపోయింది, రెండోసారి సరిగ్గా ఒక ఎంఎం, మూడోసారీ అంతే. అంటే స్టెప్పుల తప్పు కాదు, మిషన్‌ని జరిపే స్క్రూ నట్‌లో 0.3 ఎంఎం ప్లే, అంటే లూజు, దిక్కు మారినప్పుడల్లా అంత పోతా ఉంది. స్టెప్పుల తప్పయితే దూరంతో పాటు పెరుగుతుంది, ప్లే 10కైనా 100కైనా అంతే ఉంటుంది. ఈ ఒక్క తేడా ముందే ఎవరన్నా చెప్పింటే నా ప్లేటు మిగిలేది. నట్ మార్చి, ఒకే దిక్కు నుంచి 200 ఎంఎం కొలిచి, అప్పుడే స్టెప్పులు సరిచేసినాం.

ఇంక మూలమట్టం, అంటే అడ్డం, నిలువు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉన్నాయా అని. నాలుగు మూలలా సన్నని రంధ్రాలు వేసి రెండు కర్ణాలు సమానమా చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఒక గుండ్రం కోసి అడ్డం, నిలువు, రెండు ఐమూలలు కొలిచినా, అన్నీ ఒకటయ్యేదాకా బిళ్ల ముట్టుకోలేదు. వేడి మీద కొలవద్దు, 300 ఎంఎం అల్యూమినియం 15 డిగ్రీలు వేడెక్కితే ఎంఎంలో పదో వంతు సాగుతుంది, మే నెల మధ్యాహ్నం మా రేకుల షెడ్డులో ప్లేటు చెయ్యి పెట్టనీదు, నేను పొద్దున్నే కొలుస్తా.

భయంతో ఫీడ్ (కట్టర్ ముందుకు జరిగే వేగం) మరీ తగ్గించినా తప్పే. 12,000 ఆర్పీఎంలో నిమిషానికి 100 ఎంఎం పెడితే కట్టర్ కోయకుండా రుద్దింది, అల్యూమినియం కరిగి గాడిలో అతుక్కుని కట్టర్ విరిగింది. ఒకే పన్ను ఉన్న కార్బైడ్ కట్టర్‌తో, ఒక చుట్టులో పంటికి 0.025 ఎంఎం లెక్కన నిమిషానికి 300 ఎంఎం పెట్టి, లోతు కొంచెం కొంచెంగా దించితే సన్నని రజను పోయి పొరలు పొరలుగా చిప్స్ రావడం మొదలైంది. కళ్లద్దాలు లేకుండా మాత్రం దగ్గరికి పోవద్దు, చిప్స్ కంటికే ఎగురుతాయి.

నా మనవి ఒక్కటే. లోహం కోస్తుందని చెప్పి అమ్మేవాళ్లు ప్రతి మిషన్‌తో పాటు ప్లే ఎంత, మూలమట్టం తేడా ఎంత, అల్యూమినియంలో కోసిన గుండ్రం ఎంత వచ్చింది అని రాసిన కాగితం ఇవ్వాల, కొనేవాళ్లూ అడిగి తీసుకోవాల. పెన్నుతో గీసిన పువ్వు చూసి డబ్బులు కట్టొద్దండి. మీరు కూడా చదువుల పేజీలో డయల్ గేజ్ పట్టుకోవడం మీద బొమ్మలతో ఒక వ్యాసం వేస్తే బాగుంటుంది, మా పిల్లోళ్లు చాలామంది దాన్ని ల్యాబులో అద్దాల బీరువాలో చూసినోళ్లే.

ఇట్లు,
ఒక శెనక్కాయ రైతు కొడుకు,
రాప్తాడు దగ్గర, అనంతపురం జిల్లా