ఫారం నువ్వే నింపు బిడ్డా

మిర్యాలగూడ

బిడ్డా,

చండూరులోని నీ పళ్ళ క్లినిక్‌కు ఎంత ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలో ఒక అంకె చెప్పమ్మా అని ఫోన్లో అడిగావు. ఇన్సూరెన్స్ ఏజెంటుగా అంకె చెప్పడం నాకు నిమిషం పని. కానీ ఆ అంకె ఒక్కటి చూసుకుని నువ్వు సంతకం పెట్టేస్తావు, మిగతా పేజీలు తిప్పను కూడా తిప్పవు. నీ సంగతి నాకు తెలియదా! అందుకే రాస్తున్నాను. తిన్నాక తీరిగ్గా చదువు, అల్లుడిని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ముందు నీ వృత్తికి సంబంధించిన పాలసీ. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు దీన్ని. నీ వైద్యం వల్ల నష్టం జరిగిందని పేషెంటు కేసు వేసి గెలిస్తే ఆ పరిహారం, నీ తరఫున వాదించడానికి అయ్యే ఖర్చు పాలసీ పరిమితి మేరకు కంపెనీ భరిస్తుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. చండూరు లాంటి చిన్న ఊళ్ళో ఎవరు కేసులు వేస్తారులే అనుకోకు. వినియోగదారుల కమిషన్ నల్గొండలోనే ఉంది, ఫిర్యాదు ఇవ్వడానికి లాయరు కూడా అక్కర్లేదు, రెండేళ్ళ గడువు ఉంది.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది డాక్టర్లు పట్టించుకోరు. బండి పాలసీకైతే ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు. ఇక్కడ అట్లా కాదు, ఫిర్యాదు వచ్చిన రోజుకు కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. ఈ ఏడాది నువ్వు పంటికి పెట్టిన క్యాప్ మీద వచ్చే ఏడాది నోటీసు వచ్చిందనుకో, అప్పటికి రెన్యువల్ తప్పిపోయి ఉంటే ఈ ఏడాది కట్టిన ప్రీమియం ఎందుకూ పనికిరాదు. పాలసీ మీద రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక తేదీ ఉంటుంది. అంతకు ముందు చేసిన వైద్యానికి కవర్ ఉండదు. మధ్యలో గ్యాప్ వస్తే ఆ తేదీ కొత్త పాలసీ రోజు నుంచే మళ్ళీ మొదలవుతుంది. రేపు ఎవరో తక్కువకిస్తామంటే కంపెనీ మారుస్తావు, తప్పు లేదు. కానీ పాత తేదీ కొత్త కాగితంలో పడిందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టు.

ఇంకా రెండు అంకెలు చూడు. ఒక్క కేసుకు గరిష్ఠంగా ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. పెద్ద అంకె ఒక్కటే చూసి మురిసిపోవద్దు. నీ అసిస్టెంటు అమ్మాయి చేసే పనికి కూడా కవర్ ఉండాలంటే ఆ సంగతి ప్రపోజల్‌లో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తు ఫారంలో చెప్పాలి. ఆమె చేయకూడని పని ఆమెతో చేయించావో, ఏ పాలసీ ఆదుకోదు.

కేసు వస్తే కంపెనీవాళ్ళు మొదట అడిగేది పేషెంటు వివరాలు, చేసిన వైద్యం రాసే కేస్ షీటు. అందులో ఉన్నదే జరిగినట్టు, లేనిది జరగనట్టు. పన్ను పీకే ముందు బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని అడుగుతావు, నాకు తెలుసు. అడిగినట్టు రాస్తున్నావా? గుండెకు స్టెంట్ వేయించుకున్న పెద్దమనుషులు 'ఏం మాత్రలు లేవమ్మా' అని చెప్పేసి, రక్తం ఆగకపోతే నీ మీద పడతారు. వాళ్ళు లేవన్న మాటే షీటులో రాసి పక్కన సంతకం తీసుకో. సమ్మతి పత్రం తెలుగులో కొట్టించు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే రేపు 'ఏముందో మాకెవరూ చెప్పలేదు' అంటే నీ దగ్గర జవాబు ఉండదు.

చండూరు, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలుంటాయి కదా. కృష్ణా నీళ్ళు వచ్చాక పిల్లలకు నయం, కానీ పళ్ళు తయారయ్యే వయసు దాటినవాళ్ళకు పడ్డ మచ్చ దానంతట అది పోదు. కాబట్టి కుర్చీలో కూర్చోగానే, నోట్లో చెయ్యి పెట్టకముందే ఫోటో తీసి తేదీతో దాచు. క్లీనింగ్ చేయించుకుని వెళ్ళి 'డాక్టరమ్మ మందు వల్లే పళ్ళు పచ్చబడ్డాయి' అనేవాళ్ళు వస్తారు. వాళ్ళూ అబద్ధమాడాలని అనరు. అద్దంలో అంత దగ్గరగా ఎప్పుడూ చూసుకుని ఉండరు, అంతే.

ఒకవేళ ఏదైనా తేడా జరిగితే ముందు పేషెంటును చూసుకో, మంచిగా మాట్లాడు, అవసరమైతే పెద్దాసుపత్రికి నువ్వే వెంట వెళ్ళు. కానీ కంపెనీకి చెప్పకుండా 'తప్పు నాదే, ఇంత ఇచ్చేస్తా' అని వాట్సాప్‌లో రాయవద్దు. వాళ్ళ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని పాలసీలో షరతు ఉంటుంది. మనిషిగా బాధపడటానికి ఏ షరతూ అడ్డు రాదు.

ఇక సామాను. కుర్చీ, కంప్రెసర్, పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్, ఎక్స్‌రే అన్నీ కలిపి 20 లక్షలైతే, ప్రీమియం మిగులుతుందని 10 లక్షలకే చేయించేవాళ్ళున్నారు. మంటల్లో 4 లక్షల నష్టం జరిగితే 10 లక్షల పాలసీ ఉంది కదా, 4 వస్తుందనుకుంటారు. రాదు, 2 లక్షలే వస్తుంది. సగం విలువకు చేయిస్తే ప్రతి నష్టంలోనూ సగమే. చిన్న వ్యాపారాల కోసం 2021 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది, అందులో 15 శాతం వరకు తక్కువ విలువ చూపినా కోత పెట్టరు. నీకు అది సరిపోతుంది. అయితే ఓల్టేజీ ఎక్కువై మిషన్ దానంతట అదే లోపల కాలిపోతే అగ్ని ప్రమాదం పాలసీ ఇవ్వదు, దానికి మిషన్ల పాలసీ వేరు. అది కొనేముందు మంచి స్టెబిలైజర్, ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్ పెట్టించు. రాత్రి తాళం వేసేటప్పుడు కంప్రెసర్ మెయిన్ ఆపి, ట్యాంకులో చేరిన నీళ్ళు వదిలేసి రా. స్పిరిట్ సీసాలు ప్లగ్గుల దగ్గర పెట్టవద్దు. మంటలార్పే సిలిండర్ గోడకు ఉంటే చాలదు, దాని మీది తేదీ చూడు, అసిస్టెంటుకు పిన్ను తీయడం నేర్పు.

ఇప్పుడు నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట. ఏ ఫారమైనా నువ్వే నింపు. నేను అమ్మనే, ఏజెంటునే, అయినా నాతో కూడా నింపించవద్దు.

నకిరేకల్ వైపు నుంచి ఒకామె కాగితాల సంచి పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. భర్తకు ముందు నుంచీ షుగరు ఉంది. పాలసీ చేసిన ఏజెంటు 'ఇవన్నీ రాస్తే లేటవుతుంది అన్నా' అని అన్నిటికీ 'లేదు' కొట్టించాడు. రెండో ఏడాదిలో ఆయన పోయాడు. కంపెనీవాళ్ళు హైదరాబాద్ ఆసుపత్రి పాత చీటీ తీసి క్లెయిమ్ తిరస్కరించారు. జీవిత బీమా మొదలై మూడేళ్ళు దాటితే ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించకూడదని బీమా చట్టంలోని 45వ సెక్షన్ చెబుతుంది. ఆ మూడేళ్ళ లోపలే అయింది కాబట్టి ఆ దారీ లేదు. ఏజెంటు చెబితేనే రాశామంటుంది ఆమె. నిజమే. కానీ సంతకం ఆయనది.

నీకు థైరాయిడ్ మాత్ర ఉంది. అల్లుడి బీపీ అంచు మీద ఉంది. హెల్త్ పాలసీ ఫారంలో రెండూ రాయండి. ప్రీమియం కాస్త పెరుగుతుంది, లేదా ఆ జబ్బులకు కొంతకాలం ఆగమంటారు. ఆ ఆగడం మూడేళ్ళకు మించకూడదని 2024లో నిబంధన వచ్చింది. ఇప్పుడు దాస్తే అసలు అవసరమైన రోజున బయటపడుతుంది. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ తీసుకోవద్దు. రోజుకు 4,000 పరిమితి పెట్టుకుని 8,000 గదిలో చేరితే, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు లాంటివాటిలో కూడా సగం కోస్తారు. కాగితం చేతికి వచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వాపసు ఇచ్చేయొచ్చు. ఆ నెల రోజులూ చదవడానికే ఇచ్చారనుకో. సొంతంగా తీసుకునే జీవిత, ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. క్లినిక్ పాలసీలకు మాత్రం ఉంది, కొటేషన్లో చూసి కంగారుపడకు.

క్లినిక్ లోనుకు తగ్గ టర్మ్ పాలసీ, అంటే గడువు లోపల మనిషి పోతే ఇంటివాళ్ళకు డబ్బిచ్చే జీవిత బీమా కూడా తీసుకో. బ్యాంకువాళ్ళు లోనులోనే కలిపి ఒకటి అంటగడతారు, వాళ్ళ దగ్గరే కొనాలని బలవంతం లేదు. (టర్మ్ పాలసీలో నాకొచ్చేది తక్కువ. మీ నాయన నవ్వుతున్నాడు, సొంత బిడ్డ దగ్గర కూడా కమిషన్ లెక్క చూస్తున్నావా అని.)

స్కూటీకి ఐదేళ్ళ ఇన్సూరెన్స్ ఉందని అల్లుడు ధీమాగా చెప్పాడు. ఆ ఐదేళ్ళు ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి. నీ బండికి సాధారణంగా మొదటి ఏడాదే ఉంటుంది. నీకు 15 లక్షల ప్రమాద బీమా ఎప్పటివరకు ఉందో విడిగా చూడు, దానికి లైసెన్సు కూడా నడుస్తూ ఉండాలి. అన్నిటికంటే ముందు వరి కోతల కాలంలో చీకటి పడ్డాక చండూరు నుంచి స్కూటీ మీద రావద్దు. రోడ్డు సగం వడ్లు ఆరబోసి, కవరు కప్పి, చుట్టూ రాళ్ళు పెడతారు. దగ్గరికొచ్చేదాకా కనబడవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు సరేసరి. రైతులను తిట్టి లాభం లేదు, మీ నాయన కూడా ఆరబోసినవాడే. ఆ నెలన్నర బస్సులో రా, క్లినిక్ ఒక గంట ముందు మూసెయ్యి.

మీ నాయనకు 59 దాటింది కాబట్టి రైతు బీమా 5 లక్షలు ఇక లేదు. 70 ఏళ్ళ దాకా ఉండే, ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా బ్యాంకులో కట్టించాను. ప్రమాదంలో పోతే 2 లక్షలు ఇస్తారు. మే నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే అది ఆగిపోతుంది. నీ అసిస్టెంటుకు కూడా చేయించు. పొలంలో పాము కరిచినా ఆసుపత్రి రికార్డు ఉంటేనే క్లెయిమ్ నడుస్తుంది, ముందు మంత్రగాడి దగ్గరకు పోవద్దని కూడా ఆ పిల్లకు చెప్పు. మోటారు స్టార్టర్ డబ్బా దగ్గరకు తడి చేతులతో వెళ్ళవద్దని మీ నాయనకు నేను చెబితే వినడు, నువ్వు ఫోన్ చేసి చెప్పు.

ఏ కంపెనీ అయినా అన్యాయంగా కాదంటే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లో ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు.

నీ డిగ్రీ మీద మన ఇంటిపేరు, అద్దె కాగితం మీద అత్తగారింటి పేరు ఉన్నాయి కదా. ఆటోక్లేవ్, కుర్చీ బిల్లులు ఏ పేరు మీద పడ్డాయో చూసి ఫోటోలు పంపు. రెండు రకాలుగా ఉంటే ప్రపోజల్ తెరవకముందే దుకాణంవాళ్ళతో సరిచేయించుకో. పాత పాలసీలో నామినీగా ఇంకా నా పేరే ఉంది, దాన్ని కూడా ఈ వారంలోనే మార్చు.

అమ్మ