కెన్యా తీరం టూరు: ఈ దసరా నుంచి మారుతున్నవి

మా తక్కువ ఖర్చు కెన్యా టూరులోంచి మసాయి మారా అభయారణ్యంలో జంతువులను చూపించే సఫారీని తీసేశాం. ఇకమీదట అది తీరం టూరు మాత్రమే: నైరోబిలో దిగడం, రైల్లో మొంబాసా, అక్కడి నుంచి డియాని బీచ్, మళ్ళీ రైల్లోనే వెనక్కి. "ఆఫ్రికా దాకా వెళ్ళి సింహాన్ని చూడకుండా వస్తే ఎలాగండీ" అని చాలామంది అడుగుతున్నారు. లెక్క ముందు పెడతాం, మీరే చూడండి.

2024 నుంచి మారాలో విదేశీ పెద్దవాళ్ళకు ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ వరకు మనిషికి రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. ఆ టికెట్టు చెల్లేది 12 గంటలే. దసరా సెలవుల్లో దంపతులు రెండు రోజులు తిరిగితే గేటు దగ్గరే 800 డాలర్లు. జీపు, డ్రైవరు, క్యాంపు బస, నైరోబి నుంచి రానుపోను ఖర్చు దానికి అదనం. ఆ 800 డాలర్లతో డియానిలో ఇద్దరు వారం రోజులు హాయిగా ఉండొచ్చు. సఫారీయే కావాలనుకునేవాళ్ళకు విడిగా, పూర్తి ధర చెప్పి వేసిస్తాం. చవక టూరు అని పేరు పెట్టి, ఒక్క పూట జీపెక్కించి దించేయడం మాకు మనస్కరించదు. పైగా మొంబాసా రైలు త్సావో అడవి గుండానే వెళ్తుంది. పగటి బండి ఎక్కితే కిటికీలోంచి ఏనుగులు కనబడే అవకాశం బాగానే ఉంటుంది.

ఖర్చు తగ్గేదీ పెరిగేదీ ముందుగా తేదీల దగ్గరే. మన వేసవి సెలవులు అక్కడ పెద్ద వానల కాలం. ఏప్రిల్, మే నెలల్లో గదులు చాలా చవక, కానీ మేలో కొన్ని హోటళ్ళు మూసేసి మరమ్మతులు చేసుకుంటాయి. అప్పటికే 'కూసీ' అనే ఆగ్నేయపు గాలి పట్టుకుంటుంది. అది సెప్టెంబరు దాకా సముద్రాన్ని కలచివేస్తుంది, నాచు కుప్పలుగా ఒడ్డుకొస్తుంది. పడవలో వెళ్ళి పగడాలు చూడాలని ఆ నెలల్లో బయల్దేరితే నిరాశే. అందుకే వేసవికి ఈ టూరు అమ్మడం లేదు. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి మొదటి వారం దాకా నైరోబి జనమంతా తీరానికే వస్తారు, గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి, రైలు సీట్లు దొరకవు. ఆ రద్దీ తగ్గాక, అంటే మన సంక్రాంతి నుంచి మార్చి దాకా, ఈశాన్యపు గాలి 'కస్కాజీ' వీస్తుంది. ఎండ ఎక్కువే, కానీ నీళ్ళు తేటగా ఉంటాయి. మా మొదటి సలహా సంక్రాంతి. రెండోది దసరా: కూసీ తగ్గుముఖం పడుతుంది, చిన్న వానలు చాలా ఏళ్ళలో అక్టోబరు చివరికి గానీ రావు.

టికెట్టు కొనే ముందు ఎల్లో ఫీవర్ టీకా సంగతి తేల్చుకోండి. కెన్యా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ అడిగేది మన దేశమే. అది లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. సర్టిఫికెట్ చెల్లుబాటయ్యేది టీకా వేసిన పది రోజుల తర్వాతే, కాబట్టి ప్రయాణం రేపనగా వేయించుకుంటే లాభం లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక సీసా తెరిస్తే చాలామందికి సరిపోతుంది, కొద్ది గంటల్లోనే వాడేయాలి. అందుకే ఇలాంటి కేంద్రాలు మనుషుల్ని పోగేసి, అపాయింట్‌మెంట్ ఇచ్చి పిలుస్తాయి. ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్ళండి, సర్టిఫికెట్ పుస్తకంలో రాసిన పాస్‌పోర్టు నంబరు అక్కడికక్కడే సరిచూసుకోండి. 60 దాటినవాళ్ళు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. తొమ్మిది నెలలు నిండని పిల్లలకు ఈ టీకా వేయరు. అమ్మమ్మతాతయ్యలను తీసుకెళ్ళాలనుకునే కుటుంబాలు డాక్టరు మాట విన్నాకే మాకు అడ్వాన్సు కట్టండి.

తీరంలో మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. నివారణ మాత్రలు డాక్టరు రాసిస్తేనే వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు, అటోవాకోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు వేసుకోవాలి. ఇంటికొచ్చాం కదా అని మధ్యలో ఆపేవాళ్ళే ఎక్కువ, ప్రమాదం అక్కడే. తర్వాత కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పండి.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఈటీఏ, అంటే ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ రుసుము 30 డాలర్లు, కార్డు చార్జీలు అదనం. పసిపిల్లలకూ విడిగా తీసుకోవాలి. ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఇదే పనికి రెట్టింపు పైన గుంజుతాయి, చిరునామా చివర 'జీఓ డాట్ కేఈ' ఉందో లేదో చూసి కట్టండి.

రైలు ఎకానమీ టికెట్టు 1,500 కెన్యా షిల్లింగులు, ఫస్ట్ క్లాసు 4,500. డాలరు కొంతకాలంగా 129 షిల్లింగుల దగ్గర ఉంది కాబట్టి, ఎకానమీ పన్నెండు డాలర్ల లోపే. అయిదారు గంటల ప్రయాణానికి ఎకానమీ చాలు. స్టేషనుకు గంటన్నర ముందే వెళ్ళండి, ఎందుకంటే సామానంతా బయట వరుసగా పెట్టించి కుక్కలతో వాసన చూపిస్తారు, ఆపైన స్కానర్లు. కూరగాయల చాకు ఉంటే తీసేసుకుంటారు. టికెట్టు డబ్బు కట్టేది ఎం-పెసాతో, అంటే ఫోన్‌తో డబ్బు కట్టే అక్కడి పద్ధతితో. అక్కడ మన ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేస్తాయని లెక్కేసుకోవద్దు. దిగగానే పాస్‌పోర్టు చూపించి సఫారీకామ్ సిమ్ తీసుకుని, అదే కౌంటరులో ఎం-పెసా కూడా తెరిపించుకోండి. మటాటు వ్యాను నుంచి కొబ్బరిబోండాల బండి దాకా అదే నడుస్తుంది. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే తీసుకెళ్ళండి. పాతవీ, చిరుగు ఉన్నవీ తీసుకోరు.

మొంబాసా స్టేషను ఊళ్ళో ఉండదు, మిరితినిలో ఉంటుంది. సామాను తక్కువుంటే మటాటులో ఊళ్ళోకొచ్చి, లికోని ఫెర్రీ దాటి (నడిచి ఎక్కేవాళ్ళకు ఉచితం), అవతల డియాని పక్కనున్న ఉకుండా ఊరికి మటాటు, ఆపైన టుక్‌టుక్. మన ఆటోనే అది. పిల్లలతో వెళ్తే ఈ మార్పులన్నీ వద్దు. డోంగో కుండు బైపాస్ వచ్చాక మిరితిని నుంచి ఫెర్రీ లేకుండానే డియాని చేరుకోవచ్చు. నలుగురు కలిసి ట్యాక్సీ మాట్లాడుకుంటే ఆ ఖర్చు తేడా భరించదగ్గదే. డ్రైవరుతో "బైపాస్ మీదుగా" అని ముందే ఖాయం చేసుకోండి.

గది సముద్రం అంచునే ఉండాలని పట్టుబట్టకండి. బీచ్ అందరిదీ. డియాని బీచ్ రోడ్డుకు అవతలి వైపు కాటేజీల్లో వంటిల్లు కూడా ఉంటుంది, ధర బాగా తక్కువ, నీళ్ళ దగ్గరికి దారులున్నాయి. ఉకుండా మార్కెట్లో బియ్యం, పెసలు, కొబ్బరికాయలు, మామిడిపళ్ళు దొరుకుతాయి. బయట తినేవాళ్ళు కొబ్బరిపాలల్లో ఉడికించిన కందుల కూర, మహమ్రి అనే తీపి బూరెలు అడగండి. అక్కడివాళ్ళ పొద్దున్నటి తిండి అది, పూర్తి శాకాహారం, కడుపు నిండుతుంది.

ఆటుపోట్ల పట్టిక ఫోన్లో పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటిమట్టం తేడా మూడు మీటర్లు దాటొచ్చు. ఆటు వేళ నీళ్ళు పగడపు దిబ్బ దాకా వెనక్కి పోయి, ఈతకు లోతు మిగలదు. దిబ్బల మీద నడవాలంటే అడుగు గట్టిగా ఉన్న రబ్బరు బూట్లు కావాలి, ముళ్ళ సీ అర్చిన్లు మామూలు చెప్పుల్లోంచి కూడా దిగుతాయి. పడవవాళ్ళతో ధర, ఎన్ని గంటలు, పార్కు రుసుము అందులో కలిసిందా లేదా, ఈ మూడూ ఎక్కకముందే మాట్లాడుకోండి. ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి ఆ దేశంలో నిషేధం, షాపు కవర్లు ఇంట్లోనే వదిలేసి గుడ్డ సంచులు సర్దుకోండి.

మా సర్వీసు చార్జీ మారలేదు. ఈటీఏ, విమానం, రైలు, గది డబ్బులు నేరుగా వాళ్ళకే కడతారు, రసీదులు మీ పేరు మీదే వస్తాయి. దసరాకు వెళ్ళదలచినవాళ్ళు ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, టీకా అపాయింట్‌మెంట్ తేదీ పంపండి. ఆ రెండూ చేతికొచ్చాకే విమానం టికెట్లు చూడడం మొదలుపెడతాం.