బాండికూట్ మన ఊరిదేరా మామా

కళ్యాణదుర్గం

రేయ్ మామా,

పోయిన ఆదివారం ఫోన్‌లో, మీ బ్రిస్బేన్ ఇంటి వెనక పచ్చికలో తెల్లారేసరికి గుంతలు పడుతున్నాయని, అది బాండికూట్ పనని చెప్పావు. "ఆ పేరేందిరా అంత వింతగా ఉంది?" అన్నావు చూడు, సిగ్నల్ పోయింది గానీ లేకుంటే అప్పుడే చెప్పేవాణ్ణి. అది అచ్చ తెలుగు మాటరా! పందికొక్కు. గబగబా నాలుగుసార్లు అని చూడు, నీకే తెలుస్తుంది.

మన గాదెల కింద, చేల గట్లలో బొరియలు చేసే పెద్ద ఎలుకను చూసి, మనవాళ్ళు పిలిచే పేరునే దొరలు నోరు తిరిగినట్టు రాసుకున్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఇది తెలుగు మాటేనంటుంది. ఆస్ట్రేలియాలో పొడుగు మూతితో నేల తవ్వే జంతువు కనిపిస్తే దానికీ అదే తగిలించారు. పాపం, రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. మీది కంగారూ మాదిరి సంచిలో పిల్లల్ని పెంచే జీవి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా ఆ సంచి నోరు వెనక్కి ఉంటుందంట! పురుగుల కోసమే నీ పచ్చిక తవ్వేది. మందూ గిందూ పెట్టొద్దు, కేసవుతుంది.

అసలు సంగతి ఇదీ. అక్కడివాళ్ళు ఈ పేరుతో ఒక పని కూడా చెప్తారు. ఆలుగడ్డల చేలో పైన మొక్క కదలకుండా, పక్కనుంచి మట్టి తీసి గడ్డలు మాత్రం కాజేస్తే, అది బాండికూట్ చేయడమే.

చదవగానే మన ఆరో తరగతి దసరా సెలవులు గుర్తొచ్చాయి. మా తాత చెనక్కాయ చేలో సాలు పక్కన మట్టి కెలికి, ఊడలకున్న కాయలు తెంపి, మళ్ళీ మట్టి కప్పి కాలితో ఒత్తి వచ్చేవాళ్ళం కదా. పైన చెట్లు పచ్చగా నవ్వుతుండేవి. చెట్లు పీకేరోజు చూస్తే నాలుగు సాళ్ళు ఖాళీ! తాత పందికొక్కుల వంశమంతా తిట్టి, గట్టు మీది బొరియలో ఎండుమిరపకాయల పొగ పెట్టించాడు. పొగ ఊదింది ఎవరు? నువ్వే! కళ్ళు మండి నువ్వు ఏడుస్తుంటే, "పాపం, పిల్లోడు ఎంత కష్టపడుతున్నాడో" అని మా అవ్వ చెంబెడు మజ్జిగ ఇచ్చింది. నాకివ్వలేదు. ఆ కోపం ఇంకా ఉంది.

ఇంకోటి. అక్కడ "బాండికూట్ అంత బట్టతల" అని కూడా అంటారంట. దానికి ఒళ్ళంతా బొచ్చే కదా, ఎందుకంటారో మరి. నీ కొత్త ఫొటో చూశాక అడగాలనిపించింది, అంతే.

సంక్రాంతికి వస్తావు కదా. తాత ముందు మాత్రం ఈ మాట ఎత్తొద్దు. ఆయనకింకా పందికొక్కుల మీదే అనుమానం.

నీ
తోటి దొంగ