నునుపైన స్కానింగ్ బొమ్మ అంతా నిజం చెప్పదు

సంపాదకులు గారికి,

అల్ట్రాసౌండ్ స్కానింగ్ బొమ్మలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను యంత్రం లోపంగా భావించి, బొమ్మ నునుపుగా వస్తేనే పరీక్ష బాగా జరిగిందనుకోవడం చాలామందికి అలవాటైంది. స్పెకిల్ అనే ఈ చుక్కలు విద్యుత్ పరికరాల నుంచి వచ్చే రొద కాదు. యంత్రం విడదీసి చూపలేనంత సూక్ష్మమైన కణజాల భాగాల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనులు ఒకదానికొకటి తోడైన చోట తెల్లగా, ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న చోట నల్లగా ఏర్పడతాయి. ప్రోబు (ఒంటికి ఆనించే పరికరం), కణజాలం రెండూ కదలకపోతే చుక్కలూ అక్కడే ఉంటాయి కాబట్టి, అదే కోణంలో ఎన్ని చిత్రాల సగటు తీసినా ప్రయోజనం ఉండదు. వేర్వేరు కోణాల్లో తీసి కలిపితే తగ్గుతాయి. అదైనా, చుక్కల అమరిక ఒకదానితో ఒకటి పొంతన లేని 9 చిత్రాలు కలిపితే మూడో వంతుకు మాత్రమే.

ఇక ఈ చుక్కలను చదును చేసే సాఫ్ట్‌వేర్ వడపోతల్లో, 2002లో యు, ఆక్టన్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి అంచులను గుర్తించి అక్కడ చదును చేయడం తగ్గిస్తుంది. అయినా థైరాయిడ్ గడ్డలో క్యాన్సర్ అనుమానానికి ఆధారమయ్యే సూది మొనంత కాల్షియం రేణువులు కూడా తెరపై చుక్కలే కదా! వడపోత మోతాదు మించితే అవీ చెరిగిపోవచ్చు.

అందువల్ల డయాగ్నొస్టిక్ కేంద్రాలు వడపోతకు ముందున్న చిత్రాన్ని కూడా భద్రపరచి, వాడిన సెట్టింగును రిపోర్టులో నమోదు చేయాలి. లేకుంటే ఆరు నెలల తర్వాత మరో యంత్రంపై తీసిన బొమ్మతో పోల్చినప్పుడు, మారింది గడ్డో సెట్టింగో తేల్చుకోవడం డాక్టరుకు కష్టమవుతుంది.

– బయోమెడికల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడు, వరంగల్