డంజీ దారి ఒకసారి చూడు, చిన్నా

చిన్నా,

నిన్న ఫోన్‌లో "ఇక ఆడలేనమ్మా, డిఫెన్స్ కోచ్‌లకి సాయంగా ఉండమంటున్నారు" అన్నావు. నిన్ను తీసి పక్కన కూర్చోబెట్టినట్టు బాధపడుతున్నావని నీ గొంతు వింటేనే తెలిసింది. మీ నాన్నకీ రాత్రంతా అదే టెన్షన్. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఎందుకో ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డుపడతావు. అందుకే రాస్తున్నాను, కుదురుగా చదువు.

ఇండియానాపోలిస్‌లో పెరిగినవాడికి టోనీ డంజీ ఎవరో నేను చెప్పక్కర్లేదు. కానీ నీకు తెలిసింది అమెరికన్ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే పెద్ద ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన, మన ఊరి జట్టు కోల్ట్స్ కోచ్ డంజీ. 1980లో ఏ జట్టూ అక్కర్లేదన్న 24 ఏళ్ళ డంజీ సంగతి నీకు అంతగా తెలియదనుకుంటాను.

మిన్నెసోటా యూనివర్సిటీలో ఆయన క్వార్టర్‌బ్యాక్, జట్టుని నడిపిస్తూ బంతి విసిరేవాడు. బాగా ఆడాడు. అయినా 1977 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునేప్పుడు, ఒక్క జట్టూ ఆయన్ని తీసుకోలేదు. ఆ రోజుల్లో నల్లజాతి కుర్రాళ్ళకి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం దక్కడం చాలా అరుదు. చివరికి పిట్స్‌బర్గ్ స్టీలర్స్ వాళ్ళు రమ్మన్నారు, కానీ సేఫ్టీగా, అంటే డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసేవాడిగా. అన్నాళ్ళూ బంతి విసిరినవాడు, ఇప్పుడు విసిరిన బంతిని అడ్డుకోవాలి. వెళ్ళి నేర్చుకున్నాడు. 1978 సీజన్‌లో ఆ జట్టులో అందరికంటే ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం) ఆయనవే, ఆరు. ఆ సీజన్ చివర్లో స్టీలర్స్ సూపర్ బౌల్ కూడా గెలిచారు.

మరుసటి ఏడాదే ఆయన్ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. అక్కడ ఒక్క సీజన్. 1980లో న్యూయార్క్ జెయింట్స్ సీజన్ మొదలవకముందే తీసేశారు. మొత్తం మూడు సీజన్లు, అంతే.

చిన్నా, ఆయన కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగిందే. వెంటనే మిన్నెసోటా యూనివర్సిటీకే తిరిగి వెళ్ళి అసిస్టెంట్ కోచ్‌గా చేరాడు. మరుసటి ఏడాది స్టీలర్స్ కోచ్ చక్ నోల్ ఆయన్ని వెనక్కి పిలిచాడు. అప్పటికి ఆయన వయసు 25. నిన్నటిదాకా పక్కన నిలబడి ఆడినవాళ్ళకే, తనకంటే పెద్దవాళ్ళకే, ఇప్పుడు నేర్పాలి. నోల్ తన ఆటగాళ్ళతో ఎప్పుడూ ఒక మాట అనేవాడట: ఫుట్‌బాల్ కొన్నేళ్ళే, మీ జీవితమంతా చేసే పని వేరే ఉంటుంది, దానికి సిద్ధంగా ఉండండి అని. డంజీకి ఆ పని నేర్పడమే అయింది. ఆయన అమ్మానాన్నలిద్దరూ టీచర్లే. అమ్మ హైస్కూల్లో ఇంగ్లీషు, నాన్న కాలేజీలో సైన్సు చెప్పేవారు. మీ తాతయ్య లెక్కలు చెప్పడం చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకది పెద్ద వింతగా అనిపించలేదు. ఒక పిల్లాడికి ఎక్కడ అర్థం కావడం లేదో పట్టుకోవడం చాలా పెద్ద విద్య. బాగా ఆడేవాళ్ళందరికీ అది రాదు.

28 ఏళ్ళకే డిఫెన్స్ మొత్తం ఆయన చేతిలో పెట్టారు. ఇక హెడ్ కోచ్ కావడమే తరువాయి అని అందరూ అనుకున్నారు. కానీ అందుకు పన్నెండేళ్ళు పట్టింది. 1988 సీజన్ ఘోరంగా సాగాక కింది పదవికి వెళ్ళమన్నారు. ఆయన రాజీనామా చేసి కాన్సాస్ సిటీ వెళ్ళాడు, అక్కణ్ణుంచి మిన్నెసోటా వైకింగ్స్‌కి. హెడ్ కోచ్ పదవికి ఇంటర్వ్యూలకి పిలవడం, చివర్లో వేరొకరికి ఇవ్వడం ఆయనకి మామూలైపోయింది. 1996లో, 40 ఏళ్ళ వయసులో, టాంపా బే వాళ్ళు అవకాశం ఇచ్చారు. 1982 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు అది. మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అయినా ఆయన అరవలేదు, తిట్టలేదు, నేర్పే పద్ధతి మార్చలేదు. మరుసటి ఏడాదే ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు.

అక్కడ ఆయనా, ఆయన డిఫెన్స్ కోచ్ మాంటీ కిఫిన్ కలిసి నడిపిన డిఫెన్స్‌కే టాంపా 2 అని పేరు. నువ్వు హైస్కూల్లో ఆడినదే. ఇద్దరు సేఫ్టీలు వెనక మైదానాన్ని చెరిసగం చూసుకుంటారు, మధ్యలో, ముందు వరస వెనకే నిలబడే లైన్‌బ్యాకర్ వెనక్కి పరిగెత్తి ఆ ఖాళీని మూస్తాడు. దాని మూలం తాను ఆటగాడిగా ఉన్నప్పటి స్టీలర్స్ ప్లేబుక్కే (ఆట ఎత్తుల పుస్తకం) అని డంజీ చాలాసార్లు చెప్పాడు. నువ్వు ఆడిన ఏళ్ళు దండగయ్యాయని అన్నావు చూడు, అందుకే ఇది రాయాలనిపించింది. ఆయన ఆడింది మూడేళ్ళు, అప్పుడు నేర్చుకున్నది పాతికేళ్ళ పైన పనికొచ్చింది.

2001 సీజన్ అయ్యాక టాంపా వాళ్ళు ఆయన్ని తీసేశారు. మరుసటి సీజన్‌లోనే అదే జట్టు, దాదాపు అదే డిఫెన్స్‌తో, వేరే కోచ్ కింద సూపర్ బౌల్ గెలిచింది. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఆయన మాత్రం కోల్ట్స్ కోచ్‌గా 2003 అక్టోబర్ 6న, తన పుట్టినరోజునే, టాంపాకి ఆడటానికి వెళ్ళాడు. ఐదు నిమిషాలు మిగిలుండగా కోల్ట్స్ 35-14తో వెనకబడి ఉన్నారు. ఓవర్‌టైమ్‌లో 38-35తో గెలిచారు!

2006 సీజన్ కూడా చూడు. ప్రత్యర్థుల పరుగుని ఆపడంలో కోల్ట్స్ లీగ్‌లోనే ఆఖరు. డిఫెన్స్ మార్చమని ఊరంతా గోల. ఆయన మార్చలేదు, ఎవరి చోటు వాళ్ళు వదలకుండా ఉండటం మీదే పట్టు పట్టాడు. గాయంతో దూరమైన సేఫ్టీ బాబ్ శాండర్స్ కూడా తిరిగొచ్చాడు. ప్లేఆఫ్స్‌లో అదే డిఫెన్స్ నిలబడింది. పేట్రియాట్స్ మీద 21-3తో వెనకబడి 38-34తో గెలిచారు. 2007 ఫిబ్రవరి 4న మయామీలో, వానలో, చికాగో బేర్స్‌ని 29-17తో ఓడించారు. సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్ డంజీ. ఆ రోజు బేర్స్ కోచ్ ఎవరనుకున్నావ్? టాంపాలో ఆయన దగ్గర పనిచేసిన లవీ స్మిత్! అదే టాంపాలో ఆయన అసిస్టెంట్‌గా తీసుకున్న మైక్ టామ్లిన్ రెండేళ్ళ తర్వాత స్టీలర్స్‌ని గెలిపించాడు.

నువ్వు ఏదో సూపర్ బౌల్ గెలవాలని నేను ఇదంతా చెప్పడం లేదు. మోకాలి ఆపరేషన్ తర్వాత కూడా ఆ కొత్త పిల్లలకి వీడియోలు ఆపి ఆపి చూపిస్తావే, అప్పుడు నీ మొహం నేను చూశాను. నీకు ఆ పని ఇష్టం. ఒప్పుకో. జీతం లేకపోయినా, బంతులు మోయమన్నా, తెల్లారి నాలుగింటికి రమ్మన్నా వెళ్ళు.

చదువు మాత్రం ఆపొద్దు. నాన్నకి నేను నచ్చజెబుతాను, ఆయన భయమంతా డబ్బు గురించే. సోమవారం లోపు జవాబు ఇవ్వాలన్నావు కదా, ఆదివారం రాత్రే మెయిల్ పెట్టెయ్. పెట్టాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా సరే.

ప్రేమతో,
అమ్మ