శైలుకు, పదును గురించి

శైలూ,

ఎలా ఉన్నావు బిడ్డా? ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నూనె పనిచేసిందని ఆమె అంటుంది, మెట్లెక్కడం మానేసింది కాబట్టి తగ్గిందని నేనంటాను. మొన్నటి గాలివానకి పెరట్లో జామచెట్టు పెద్ద కొమ్మ విరిగింది, దాన్ని పారెయ్యకుండా నీడలో ఆరబెట్టాను, పిడులకి పనికొస్తుంది. ఇవన్నీ ఫోన్లో చెప్పే మాటలే కానీ నువ్వు ఎత్తడం లేదు కదా, అందుకే కూర్చుని టైపు చేస్తున్నాను. మనం వీడియో కాల్‌లో మాట్లాడుకుని 19 రోజులైంది. నేను లెక్కపెట్టడం లేదు, మీ అమ్మ క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది.

ప్రత్యేకంగా ఏమీ లేదు, ఊరికే రాస్తున్నా.

రమక్క మనవరాలి బారసాలకి వెళ్ళాం. అక్కడ న్యూజెర్సీ నుంచి వచ్చిన వాళ్ళ కోడలు పది మందిలో "మీ శైలు ఉద్యోగం మానేసి తుపాకులు చేస్తోందట కదా మామయ్యా" అంది. మీ అమ్మ చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. ఇంటికొచ్చి మీ అన్నకి ఫోన్ చేస్తే, ఉద్యోగం ఉంది, ఆదివారాలు మాత్రం లాంకాస్టర్ దగ్గర ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి పాతకాలపు తుపాకీ చెయ్యడం నేర్చుకుంటోంది అన్నాడు. అంటే వాడికి తెలుసు. సరే. ఉద్యోగం సంగతి మాత్రం నువ్వే ఒక్క మాట చెప్పు, నిజంగా పోయినా తిట్టను. కానీ హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులే గడువని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, ఆ లెక్క నువ్వొక్కదానివే కూర్చుని వెయ్యొద్దు.

తుపాకీ అనగానే మీ అమ్మ భయపడింది గానీ నాకు అంత టెన్షన్ లేదు. నాకు వేరే ఒకటి మనసులో పడింది. ఆ రోజు కాల్‌లో నీ ఎడమచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగితే కూరగాయలు కోస్తుంటే తెగిందని చెప్పి చెయ్యి టేబుల్ కిందికి దించావు. సరే, అది తరవాత మాట్లాడుకుందాం.

మీ అన్న చెప్పాక యూట్యూబ్‌లో ఆ తుపాకుల వీడియోలు చూడటం మొదలుపెట్టాను, రాత్రి పదకొండు దాటుతోంది రోజూ. ఎంత పని బిడ్డా అది! జర్మనీ వైపు నుంచి వెళ్ళి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డవాళ్ళు తమ దేశంలో వాడే పొట్టి వేటతుపాకీని అక్కడ 18వ శతాబ్దంలో సన్నగా, పొడుగ్గా మార్చుకున్నారట. చేసింది ఎక్కువగా పెన్సిల్వేనియాలో, పేరు మాత్రం కెంటకీ రైఫిల్ అని పడిందట. గొట్టం ఒక్కటే 42 అంగుళాలకి పైన, దాని కింద ఆ కొస దాకా ఒకే చెక్క. ఆ మేపుల్ చెక్క మీద పులిచారల్లాంటి అలలు చూసి నా చేతులు దురద పెట్టాయి. వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ అనే ఊళ్ళో ఇప్పటికీ పాతకాలం పనిముట్లతోనే తుపాకీ మొత్తం తయారుచేసే కొట్టు ఉందటగా, నువ్వు వెళ్ళావా? వెళ్తే వాళ్ళ ఉలులు ఎలా ఉన్నాయో చూసి చెప్పు.

గొట్టాన్ని చెక్కలో కూర్చోబెట్టే పద్ధతి నాకు చాలా నచ్చింది. ఇనుముకి దీపం మసి పూసి గాడిలో పెట్టి నొక్కి తీస్తారు, మసి అంటుకున్న చోట మాత్రమే ఒక పొర తీస్తారు, మళ్ళీ పెడతారు, మళ్ళీ తీస్తారు. వెంట్రుక సందు కూడా ఉండకూడదు. మన దర్వాజ పనిలో మేం ఇంత సూక్ష్మంగా పోలేదు, నిజం చెప్పాలి. చెక్కకి రంగు కూడా ఇనుము కరిగించిన ఆమ్లం పూసి, వేడి చూపించి తెప్పిస్తారట, ఆ ఆవిరి పీల్చకు, బయట వాకిట్లో చెయ్యి.

ఇంక ఆ నిప్పు పుట్టే సంగతి. చెకుముకి రాయే కదా! మా తాత చుట్ట ముట్టించుకోవడానికి రొంటిన పెట్టుకునేవాడు, రాయి, ఉక్కుముక్క, ఇంత దూది. రాయి ఉక్కుని కొడితే నిప్పు వస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, కొట్టడం కాదట, గీరడం. రాయి అంచు ఉక్కు మీంచి సన్నటి పొట్టు లేపుతుంది, ఆ పొట్టే గాలికి మండి కింద గిన్నెలోని తుపాకిమందులో పడుతుంది, ఆ మంట పక్కనున్న సన్నటి కంత లోంచి గొట్టంలోకి పోతుంది. అంటే రాయి కూడా ఒక ఉలే, శైలూ. చిత్రిక చెక్కని తీసినట్టు అది ఉక్కుని తీస్తోంది. మొద్దు రాయి పెడితే నిప్పు రాలదు. ఆ ఉక్కు పలకని కూడా బొగ్గుచేసిన ఎముకలు, తోలుతో కలిపి పెట్టెలో మూసి ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి పైపొర గట్టిపరుస్తారని చూశాక, మన పక్కనున్న కోనసముద్రం గుర్తొచ్చింది. ఆ ఊరి ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ పెద్దాయనకి ఈ సంగతి చెప్పు, వాళ్ళ ఇంగ్లిష్‌లో వూట్జ్ అనే మాట మన ఉక్కు నుంచే వచ్చిందంటారని చెప్పు.

ఇప్పుడు ఆ కట్టు గురించి. కూరగాయలు కోస్తే వేలి కొస తెగుతుంది, లేదా గోరు పక్కన. నీ కట్టు బొటనవేలి మొదట్లో, అరచేతి వైపు ఉంది. అక్కడ తెగేది చెక్కని ఎడమచేత్తో ముందువైపు పట్టుకుని కుడిచేత్తో ఉలి తోస్తే, అది జారినప్పుడు. నలభై ఏళ్ళు ఉలి పట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఉలి ఎందుకు జారుతుందంటే మొద్దుగా ఉండి. పదునున్న ఉలి చెప్పిన చోట ఆగుతుంది, మొద్దు ఉలిని బలంతో తోస్తాం, ఆ బలం ఎటుపోతుందో మన చేతిలో ఉండదు. అందులో ఆ అలల చెక్కలో పోగులు అంగుళానికోసారి దిక్కు మారుతుంటాయి, మొద్దు అంచు తగిలితే పెళ్ళలు లేస్తాయి.

కాబట్టి విను. ముందు ఉలి వెనకవైపు చదును చెయ్యి, కొసన ఒక అంగుళం మేర అద్దంలా రావాలి, అది రాకుండా ముందు ఎంత రుద్దినా దండగ. వాలు పొడవు ఉలి మందానికి రెండింతలుంటే 30 డిగ్రీలు వస్తుంది, ఆ గట్టి చెక్కకి అది సరిపోతుంది. రాయి అంతటా రుద్దు, మధ్యలోనే రుద్దితే రాయికి గుంట పడుతుంది. రుద్దుతూ వెనకవైపు వేలితో తడుము, ఈ మూల నుంచి ఆ మూల దాకా సన్నటి గరుకు తగలాలి, తగిలేదాకా ఆపకు, అందరూ ఇక్కడే తొందరపడతారు. తరవాత వెనక చదునుగా పెట్టి నాలుగుసార్లు, ఆఖరికి తోలు మీద వెనక్కి లాగాలి, ముందుకి తోస్తే తోలు తెగుతుంది. కరెంటు సానచక్రం మీద పెట్టావంటే క్షణక్షణానికీ నీళ్ళలో ముంచు. అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది, ఆ మేర అరగదీసెయ్యాల్సిందే. చెక్కని క్లాంపుతో బిగించు. రెండు చేతులూ ఎప్పుడూ అంచుకి వెనకే. లెక్చర్ ఇవ్వకూడదని మీ అమ్మ ముందే చెప్పింది, ఇచ్చేశాను, కానీ ఇది ఇవ్వాల్సిందే.

నా ఎడమచేతి మధ్యవేలు వంగదు కదా, సైకిల్ చైన్‌లో పడిందని నీకూ అన్నకీ చెప్పాను. అది నిజం కాదు. 1979లో మోర్తాడ్ వైపు ఒక ఊళ్ళో పెద్ద ఇల్లు కడుతున్నారు, టేకు దర్వాజ మీ తాత చేశాడు. తెల్లారి ఐదున్నరకి నిలబెట్టే ముహూర్తం. ముందురోజు సాయంత్రం ఉలులన్నీ సాన పట్టమని నాకు చెప్పి ఆయన పడుకున్నాడు. ఊళ్ళో టూరింగ్ టాకీస్ వచ్చింది, నాకు 17 ఏళ్ళు, సినిమాకి పోయాను. పొద్దున్న అడిగితే పట్టాను నాన్నా అన్నాను. పసుపూ కుంకుమా పెట్టి, మామిడాకులు కట్టి, అందరూ నిలబడి ఉన్నారు. గడప కన్నంలోకి కుసి, అంటే నిలువు చెక్క కొస, సరిగ్గా దిగడం లేదు, కొంచెం తియ్యమన్నాడు. నేను ఆ మొద్దు ఉలితో ఒళ్ళంతా ఆనించి తోశాను. జారింది. వేలి మొదట్లో నరం దాకా తెగింది. నొప్పి తెలియలేదు, పసుపు రాసిన గడప మీద నా నెత్తురు చూసి ఆ ఇంటి పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మాత్రం కనిపించింది. ఆ గడప వద్దన్నారు. ముహూర్తం పోయింది. మీ తాత ఉలి తీసి చూశాడు, నన్ను ఒక్క మాట అనలేదు. తన తువ్వాలు చింపి చెయ్యి కట్టి, ఎవరి సైకిల్ మీదో ఆర్మూర్ ఆస్పత్రికి పంపించాడు. తన డబ్బుతో టేకు కొని నాలుగు రోజుల్లో కొత్త గడప చేసి ఇచ్చాడు. ఆ దర్వాజకి ఆయనకి మిగిలింది ఏమీ లేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత మాత్రం రోజూ సాయంత్రం నేను సాన పట్టిన ఉలి తెమ్మనేవాడు, తన ముంజేతి మీద ఆనించి గీసేవాడు, వెంట్రుకలు రాలితే తిరిగిచ్చేవాడు, రాలకపోతే రాయి చూపించేవాడు. తాత ఒక చేతికి వెంట్రుకలు లేవేంటి అని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, గుర్తుందా.

ఇంకొకటి కూడా గుర్తుంది నాకు. దసరాకి పనిముట్లు కడిగి వరసగా పెడితే నువ్వు బొట్లు పెట్టేదానివి, ప్రతి ఉలికీ, ఆకురాయికి కూడా. ఆరేళ్ళప్పుడు ఆ చిన్న ఉలి నాకిస్తావా అని అడిగావు. ఆడపిల్లకి ఉలెందుకే అన్నాడు మీ తాత. నువ్వు నా వైపు చూశావు. నేను ఏమీ అనలేదు. సాలార్‌జంగ్ మ్యూజియంకి పోయినప్పుడు అందరూ గడియారం గంట కొట్టడం కోసం కూర్చుంటే నువ్వు తుపాకుల గదిలో చెక్కమీది నగిషీ చూస్తూ తప్పిపోయావు, అప్పుడైనా నాకు తెలియాల్సింది. అందుకని నన్నెందుకు అడగలేదు, ఎక్కడో ఉన్న ఆ పెద్దాయన దగ్గర నేర్చుకుంటున్నావేం అని నేను అడగను. ఆయన బాగా నేర్పిస్తున్నాడా? ఆయన వేళ్ళు అన్నీ ఉన్నాయా, చూశావా?

టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నావో లేదో రాయి. ఇలాంటి పాతరకం తుపాకీని అక్కడి కేంద్ర చట్టం మామూలు తుపాకీ కింద లెక్కవెయ్యదని అన్న చెప్పాడు, కానీ రాష్ట్రానికో రూలు ఉంటుందట, నువ్వుండే చోట కనుక్కో, కాగితం మీద కనుక్కో. తుపాకిమందు ఇంట్లో, ముఖ్యంగా వంటింట్లో పెట్టకు. జుట్టు ముడి వేసుకుని పనిలో కూర్చో.

శ్రీకాంత్ 28న బయల్దేరుతున్నాడు. వాడితో మీ తాత సానరాయి పంపుతున్నాను, పాత లుంగీలో చుట్టాను, చెక్-ఇన్ బ్యాగులో పెట్టమన్నాను. దానికి ఒక పక్క కాస్త గుంట ఉంది, అది నా తప్పు, రెండో పక్కనే వాడుకో. దానితోపాటే ఆ చిన్న ఉలి కూడా పెట్టాను. జామ కొమ్మ ఆరాక కొత్త పిడి వేద్దామనుకున్నా కానీ అప్పటిదాకా ఆగలేక పాతదానితోనే పంపిస్తున్నాను. నిన్న సాయంత్రమంతా దాన్ని సాన పట్టాను, ముంజేతి మీద చూశాను, జాగ్రత్తగా విప్పు. అమ్మ కారప్పొడి, చింతకాయ తొక్కు కూడా పెట్టింది, ముందు అవి తియ్యి.

ఈ ఆదివారం వెళ్ళకపోయినా ఏం కాదు, గాయం మానలేదంటే అసలు వెళ్ళకు. కట్టు విప్పి వెలుతురులో ఫోటో తీసి పంపు, దగ్గర నుంచి ఒకటి, వేలు వంచి ఒకటి.

నీ బాపు